మా పేట ముచ్చట్లు – 17: ఎంటీఐ

2008లో డిగ్రీ అయినాక, చార్జీలకు అప్పు చేసి గుంతకల్లులో రైలెక్కి బెంగళూరు కాల్ సెంటర్ ఇంటర్వ్యూకు పోయినా. టైపింగు, గ్రామరు, గ్రూప్ డిస్కషన్ గట్టెక్కినా. నాలుగోది వాయిస్ రౌండు. ‘ఎంటీఐ ఎక్కువ’ అని పంపేసిరి. మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ అంట. అంటే నా ఇంగ్లీషులో మాయమ్మ వినపడుతోందన్నమాట!

మా ఊర్లో ఇంగ్లీషు లేక కాదు. రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్లు ఇంట్లోనే మాట్లాడేవాళ్లు. నాయన ఆ ఇండ్ల ముందర మోరీలు తీసినాడు గానీ వాకిలి దాటలా. నేను ఇంగ్లీషు విన్నది ప్లాట్‌ఫారం మైకులోనే.

పాసైనోళ్లకూ యాస ఉంది. వాళ్లది కాన్వెంటు యాస, అంతే.

రాత్రి ఇల్లు చేరితే అమ్మ ‘ఏమన్నారు నాయనా?’ అనింది. ‘మళ్లా రమ్మన్నారు’ అని అబద్ధం చెప్పినా.