వెండి ఊరిలో చదువుల నిచ్చెన

శిక్షణ నిమిత్తం జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి వెళ్లిన మేము ముగ్గురం, ఒక శనివారం సెలవు దొరకగా, అక్కడికి నైరుతి దిశన సుమారు 40 కిలోమీటర్ల దూరాన గల ఫ్రైబెర్గ్ పట్టణాన్ని సందర్శించాము. గనులతో, లోహాలతో జీవనం ముడిపడిన వారికి ఆ ఊరు పుణ్యక్షేత్రం వంటిది. 1168లో అక్కడ వెండి బయటపడింది. 1765లో గనుల విద్యాపీఠం వెలిసింది. ప్రఖ్యాత ప్రకృతి శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ అక్కడ చదివినవాడే. 1863లో ఇండియం, 1886లో జెర్మేనియం మూలకాలను కనుగొన్నదీ ఆ ఊరిలోనే.

విద్యార్థుల శిక్షణకై నిలిపి ఉంచిన పాత గనిలోకి 150 మీటర్ల లోతుకు దిగాము. రాతి కప్పు నుండి నీటి చుక్కలు హెల్మెట్లపై రాలుతుండగా మాలో ఒకరు మౌనంగా నిలబడిపోయారు. ఆయన తండ్రిగారు గోదావరి లోయ బొగ్గుగనిలో కోల్ ఫిల్లరు. మిగిలిన ఇద్దరిలో ఒకరిది చేనేత కుటుంబం, మరొకరిది కౌలు రైతు ఇల్లు. సర్కారు హాస్టలు, ఉపకార వేతనం లేకుంటే మా ముగ్గురిలో ఎవరమూ ఇంజనీర్లం అయ్యేవారం కాము.

ఆ కారణంగానే ఆ ఊరి మరొక చరిత్ర మమ్మల్ని ఆకర్షించింది. 1949లో తూర్పు జర్మనీ సోషలిస్టు రాజ్యంగా అవతరించింది. అదే ఏడు అక్కడి విశ్వవిద్యాలయాలలో కార్మిక, కర్షక విభాగాలు నెలకొల్పబడ్డాయి. పదునాలుగేండ్లకే బడి మాని పనిలో చేరిన యువతీయువకులకు ఉపకార వేతనమిచ్చి, ఉన్నత విద్యకు అర్హులయ్యే వరకు బోధించేవారు. కొద్ది సంవత్సరాలలోనే విద్యార్థులలో దాదాపు సగం మంది శ్రామిక కుటుంబాల వారయ్యారు.

అయితే ఆ నాణేనికి రెండవ వైపూ ఉంది. పాస్టర్ల పిల్లలు, దుకాణదారుల పిల్లలు మంచి మార్కులు వచ్చినా తిరస్కరింపబడిన సందర్భాలెన్నో. 1961లో బెర్లిన్ గోడ లేచే వరకు అటువంటి వారు పశ్చిమానికి తరలిపోయేవారు. 1960ల ఆరంభానికి ఆ విభాగాలలో అధిక భాగం మూతబడ్డాయి. హాలేలోనూ, ఫ్రైబెర్గ్‌లోనూ ఉన్నవి మాత్రం కొనసాగాయి. 1970ల ఆరంభం నుండి విశ్వవిద్యాలయ ప్రవేశాలే తగ్గించబడ్డాయి. నిచ్చెన ఎక్కి ఇంజనీర్లు, అధికారులు అయినవారి సంతానమే ఆ తరువాత అధికంగా సీట్లు పొందింది. పార్టీ ఉద్యోగుల పిల్లలను సైతం కాగితాలపై శ్రామిక సంతతిగానే లెక్కించేవారు. 1990లో ఆ రాజ్యమే అంతరించింది.

తిరుగు రైలులో మా సంభాషణ జర్మనీని విడిచి మా టౌన్‌షిప్‌కు చేరింది. మా పిల్లల దరఖాస్తులలో తండ్రి వృత్తి అనే గడిలో ఇప్పుడు మేము ‘ఇంజనీరు’ అని వ్రాస్తున్నాము. మా క్వార్టర్ల వీధులు ఊడ్చే కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు మా కాలనీ బడిలో సీటు లేదు. పిల్లల ప్రవేశ నిబంధనలను చర్చించిన సమావేశంలో మేము ముగ్గురమూ కూర్చున్నాము. ఒక్కరమైనా నోరు విప్పలేదు.

ఆ మౌనం మమ్మల్ని నేటికీ బాధిస్తున్నది. స్వదేశం చేరాక కాలనీ గ్రంథాలయంలో ఆదివారాలు ఆ పిల్లలకు లెక్కలు చెప్పనారంభించాము. మొదటి వారం ఏడుగురు వచ్చారు. నిబంధన మార్చవలసిందిగా వ్రాసిన వినతిపత్రంపై ముగ్గురమూ సంతకాలు చేశాము. నాల్గవ సంతకానికి చోటు ఉంచాము.