గొట్టం లోపల

3 నవంబర్ 2024, ఆదివారం

ఎదురింటి అమ్మాయికి ఇప్పుడు సొంత రైఫిల్ మీదే ధ్యాస. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచినప్పటి నుంచీ ఇదే వరస. సీనియర్ షూటర్ ఒకాయన తన పాయింట్ టూటూ రైఫిల్ అమ్ముతానన్నాడట. లైసెన్సు కాగితాలు వాళ్ల నాన్న చూసుకుంటాడు. "బ్యారెల్ మాత్రం మీరే చూసి చెప్పాలంకుల్" అంది. టూల్‌రూమ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యానని ఆ నమ్మకం.

బోల్ట్ తీసి, చాంబర్ ఖాళీయేనని ఇద్దరం చూసుకున్నాకే గొట్టాన్ని వెలుతురుకేసి పట్టాం. లోపల తళతళలాడింది. అమ్మాయి మురిసిపోయింది. మెరుపుకి నేను మార్కులు వేయను. అతిగా పాలిష్ పట్టి లోపలి గాడుల అంచులు మొద్దుబారినా మెరుస్తుంది. మొదలు నుంచి చివరిదాకా బోరు కొలత ఒకటేనా అన్నది కంటికి ఆనదు.

తూటా బయటికొచ్చే మూతి, అంటే మజిల్ అంచు భూతద్దంతో చూశాను. తూటా బయటపడే క్షణంలో దాని వెనక గ్యాసు చుట్టూ సమానంగా వెలువడాలి. అంచున ఒక పక్క సొట్ట ఉంటే గ్యాసు అటే ముందు చిమ్మి తూటాను వంకర తోస్తుంది. దూది పెట్టి చుట్టూ లాగితే ఎక్కడా పట్టలేదు. అంచు బాగుంది.

6 నవంబర్, బుధవారం

గొట్టం లోపల చూసే బోర్‌స్కోప్ అరువు దొరికింది. గాడుల వెంట పొడుగునా సన్నగీతలు కనిపించాయి. సీసం ల్యాప్‌తో సానపట్టిన గుర్తులవి, తూటా దారినే ఉన్నాయి గనక దోషం కాదు. చాంబర్ దగ్గర మాత్రం దాన్ని తొలిచిన రీమర్ వదిలిన అడ్డగీతలు కొన్ని ఉన్నాయి. అక్కడ తూటా సీసం గీసుకుని పేరుకుంటుంది.

తర్వాత నూనె రాసిన మెత్తటి సీసం ముక్కని చాంబర్ వైపు నుంచి రాడ్‌తో మెల్లగా తోయమన్నాను.

"ఎక్కడైనా వదులుగా జారిందా?"

"లేదంకుల్. చివర్లో కొంచెం బిగిసింది."

అలాగే ఉండాలి. మజిల్ దగ్గర వదులైతేనే చేటు. బటన్ అనే పనిముట్టుతో గాడులు ఒత్తి దించిన గొట్టంలో ఒత్తిడి మిగిలిపోతుంది. గొట్టాన్ని వేడి చేసి ఆ ఒత్తిడి తీసేయకుండా బయట లేతు మీద సన్నం చేస్తే బోరు విచ్చుకుంటుంది. బయట అక్షరాలు గట్టిగా గుద్దినా లోపల బిగుస్తుంది. గొట్టం మంచిదా కాదా అన్నది చివరికి కొలతే తేలుస్తుంది. టూల్‌రూమ్‌లో మేం స్క్రూ మరల కొలతకి రోజూ తలుచుకున్న జోసెఫ్ విట్‌వర్తే 1850లలో ఆరుపలకల బోరుతో రైఫిల్ చేశాడు. ఆయన తుపాకుల మనిషి కాదు, కొలతల మనిషి.

10 నవంబర్, ఆదివారం

రేంజ్‌లో రైఫిల్‌ని స్టాండుకి బిగించి 50 మీటర్ల నుంచి పేల్చారు. టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, తూటాది దాదాపు 5.6. మొదటి లాటు, అంటే ఒకే విడతలో తయారైన తూటాలు, చెల్లాచెదురయ్యాయి. బ్యారెల్ పోయిందనుకుని అమ్మాయి మొహం వాడిపోయింది. అదే కంపెనీ ఇంకో లాటు పెడితే పదికి పదీ వలయంలోనే పడ్డాయి. గొట్టం వేడెక్కినా తూటాల గ్రూపు పక్కకి జరగలేదు.

తీసుకోమన్నాను. చాంబర్ దగ్గరి గీతల వల్ల మామూలు కంటే తరచుగా తుడవాలి, ధరలో ఆ మేరకు తగ్గించమని అడగాలి. రెండో లాటు తూటాలు దొరికినన్ని ఇప్పుడే కొనిపెట్టుకోవాలి. లాటు మారితే పరీక్ష మళ్లీ మొదలే.