‘సినిమా బండి’ – మా ఇంటి తీర్పులు

సినిమా చూడటం కన్నా, చూశాక వాదించుకోవడమంటే మా యింట్లో మహా సరదా. 2021 మే నెలలో, కరోనా రోజుల్లో నెట్‌ఫ్లిక్సులో వచ్చిన ‘సినిమా బండి’ ఆ సరదా బాగానే తీర్చింది. మీలోనూ చాలామంది చూసే వుంటారు. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. ఆటో నడిపే వీరబాబుకు, ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. చిన్న సినిమాలకు పెద్ద లాభాలొస్తున్నాయని టీవీలో విని, పెళ్ళిఫోటోలు తీసే గణపతిని తోడు చేసుకుని, తానూ ఒకటి మొదలుపెడతాడు. క్షవరం చేసేవాడు కథానాయకుడు. కూరగాయలమ్మే మంగ నాయిక!

“పల్లెటూరోళ్ళను ఎగతాళి చేసేదానికి తీసినారప్పా!” అన్నారు పెద్దనాయన.

“మన పక్క మాటలు వినిపించినాయి, అది చాలదా?” అంది అక్క. కన్నడ సరిహద్దుకు దగ్గరైన మా మాధవరానికి ఆ యాస మరీ పరాయిది కాదు మరి.

అమ్మ మాత్రం, “కెమెరా పోగొట్టుకున్న పిల్ల యెంత ఏడ్చిందో!” అంది. అందరం ఒక్క క్షణం మాటాడలేదు.

నా మట్టుకు నాకు, వీరబాబు పనితనం చూస్తే నవ్వొచ్చింది కాని, అతని కోరిక చూస్తే రాలేదు. డబ్బొస్తే ఊరు బాగుచేయాలని అతని తాపత్రయం. ఎగతాళి సినిమా అయితే ముందు ఆ కోరికనే వెక్కిరించేది. అలాగని, కోరిక మంచిదైనంత మాత్రాన పరాయి సొమ్ము మనదైపోదు. నవ్వుల మధ్య ఆ పిల్లను కూడా మరచిపోకపోవడమే ఈ సినిమా గొప్ప.

పెద్దనాయన యిప్పటికీ ఒప్పుకోరు. రెండోసారి చూసినప్పుడు మాత్రం అందరికన్నా ముందుగా వచ్చి కూర్చున్నారు.