ధాన్యపు పాతరలో రాజు సమాధి

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరానికి ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, చెరకు తోటల నడుమ, క్వాదుకుజా అను పట్టణమున్నది. తెల్లవారు దానికి స్టాంగర్ అని పేరు పెట్టారు. 2006లో పాత పేరే మరల వచ్చింది. జూలూ జనాంగమును ఒక్కటిగా చేసిన షాకా రాజు చివరి రాజధాని ఇదే. అతని సమాధి ఊరి మధ్యనే ఉన్నది. కోటలూ గోపురాలూ ఏమీ లేవు. ఒక స్మారక శిల, అంతే.

1828 సెప్టెంబరులో షాకాను అతని సవతి తమ్ములు దింగానే, మ్లాంగానా, సేవకుడు మ్బోపాతో కలిసి ఈటెలతో పొడిచి చంపారు. శవాన్ని ఖాళీగా ఉన్న ధాన్యపు పాతరలో వేసి మూసివేశారు. పాతర అంటే ఏమిటో మన పల్లె పెద్దలకు చెప్పనక్కరలేదు. జూలూవారు పశువుల దొడ్డిలోనే కుండవలె గొయ్యి త్రవ్వి, లోపల పేడతో అలికి, గింజలు పోసి మూతికి రాయి పెట్టేవారు. ఎన్నో తెగలను గడగడలాడించిన రాజుకు దొరికిన సమాధి అది. అబ్షాలోమును గోతిలో పడవేసి రాళ్లు కప్పిన సంగతి మాకు జ్ఞాపకమొచ్చింది. కుమారుడు లేడని అబ్షాలోము బ్రతికుండగానే తనకొక స్తంభమైనా నిలుపుకొన్నాడు. షాకా అదీ చేయలేదు. తన బిడ్డ అని అతడు ఒప్పుకొన్నవారూ లేరు.

ఇప్పుడున్న శిలను 1932లో సొలొమోను రాజు కాలంలో జూలూ ప్రజలు నిలిపారు. ఆ సొలొమోను, షాకా మరో సవతి తమ్ముడైన మ్పాండేకు మునిమనుమడు. చంపినది సోదరులు, నూరేళ్ల తరువాత గౌరవించినదీ ఆ ఇంటివారే.

ఇంత రక్తము చిందించినవాని సమాధి యెదుట విశ్వాసి తల వంచవచ్చునా అని మాలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1827లో తల్లి నాందీ చనిపోయినప్పుడు షాకా విత్తనాలు వేయకూడదని, పాలు త్రాగకూడదని ఆజ్ఞాపించి, సరిగా ఏడ్వనివారిని చంపించాడని ఫిన్ అను ఇంగ్లీషు వర్తకుడు వ్రాశాడు. ఫిన్ చాలా పెంచి వ్రాశాడని నేటి చరిత్రకారులలో అనేకులంటారు. కొంత తగ్గించుకొన్నా షాకా మెత్తనివాడు కాడు. అయితే యాబేష్గిలాదువారు రాత్రంతా నడిచివెళ్లి సౌలు శరీరాన్ని తెచ్చి, అతని యెముకలు పాతిపెట్టినది సౌలు నీతిమంతుడనా? మేము పూలు పెట్టలేదు గాని టోపీలు తీసి నిలుచున్నాము.

ఈ ప్రాంతం మనవారికి క్రొత్తది కాదు. 1860 మొదలు 1911 వరకు మద్రాసు రేవునుండి చెరకు తోటల కూలీలుగా ఓడలెక్కినవారిలో తెలుగువారు అనేకులు. వారికి సువార్త చెప్పుటకు జాన్ రంగయ్యగారు 1903లో నెల్లూరు ప్రాంతమునుండి వచ్చి, ఇక్కడికి దగ్గరలోనే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించారు. ఆ కూలీల సంతతివారు నేటికీ ఈ ఊరి వీధులలో అంగళ్లు నడుపుకొంటున్నారు.

సెప్టెంబరు 24న ఈ శిల యొద్ద జూలూవారు గుంపులుగా కూడుకొంటారు. 1995 నుండి ఆ దినము దేశమంతటికీ సెలవు. మేము వెళ్లినది మామూలు దినము గనుక, కాపలాదారు, గడ్డి కోసేవాడు తప్ప అక్కడ ఎవరూ లేరు.