నాన్న గీత

మా నాన్న తెనాలిలో బోర్డులు రాసేవారు. సుద్ద పూసిన దారం లాగి కొట్టి, ఆ గీత మీద అక్షరాలు నిలబెట్టేవారు. ఫ్లెక్సీలొచ్చాక ఆ పని పోయింది. అందుకే నేను కంప్యూటర్ మీద బొమ్మలు వేస్తానన్నప్పుడు ఆయన మొహం అదోలా పెట్టారు. పొట్ట కొట్టిన యంత్రమే కూతురికి అన్నం పెడుతోందంటే ఎలా ఉంటుంది మరి!

నేను పిల్లల కామిక్స్ గీస్తాను. పదేళ్లు కంప్యూటర్ మీదే గీశాను. బల్లమీద నల్లటి పలక, చేతిలో పెన్ను. గీత మాత్రం ఎదుటి తెరమీద పడుతుంది. చేయి ఒకచోట, చూపు మరోచోట. మొదటి నెలంతా ముక్కు గీస్తే చెవి దగ్గర పడేది. నాన్న వెనక నిలబడి చూసి, ‘‘చేతిని చూసుకోకుండా ఎలా గీస్తావే?’’ అనేవారు. అలవాటైంది నాన్నా అనేదాన్ని. నిజమే, అలవాటవుతుంది. కానీ మెడ పట్టేసేది.

2015లో ఐప్యాడ్‌కి పెన్సిల్ వచ్చింది. నేను కొన్నది ఇంకో మూడేళ్లకి, అదీ చీటీ పాడుకుని. మొదటి గీతకే ప్రాణం లేచొచ్చింది. పెన్ను ఆనిన చోటే గీత! నొక్కితే లావు, తేలిస్తే సన్నం, అచ్చం పాతకాలం పాళీలాగే. అద్దం కాస్త జారుతుంది, గరుకు పొర అంటిస్తే సరి. వంటింటి గట్టు మీద పప్పు ఉడికేలోపు ఒక గడి పూర్తి చేసిన రోజులున్నాయి.

అలాగని కంప్యూటర్‌ని అటకెక్కించలేదు. ట్యాబులో పేజీ కొలత పెంచేకొద్దీ లేయర్లు తగ్గిపోతాయి, దాని జ్ఞాపకశక్తి అంత. ఇంకో చిక్కు, వేళ్లతో పెద్దది చేసుకుంటూ ఒక్క కనురెప్ప దగ్గరే గంట గడిపేస్తాం. పేజీ మొత్తం ఎలా ఉందో పెద్ద తెర మీద చూస్తేగానీ తెలియదు. రంగులు అచ్చుకి సరిచూడటం, ఇరవై పేజీలు వరసపెట్టడం అక్కడే హాయి.

అసలు తంటా మాటల దగ్గర. ఒకప్పుడు బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడేవి. ఇప్పుడు ఆ బాధ తగ్గింది. అయినా ముసలమ్మ మాటా, మనవడి మాటా ఒకే ఫాంటులో ఉంటే ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టుంటుంది నాకు. చేత్తో రాద్దామంటే నా దస్తూరీ డాక్టరు చీటీ.

కిందటేడు ట్యాబు నాన్న ఒళ్లో పెట్టాను. ఆయన చేతికి వణుకొచ్చి నాలుగేళ్లయింది, కాఫీ గ్లాసు కూడా రెండు చేతులతోనే. ‘‘నావల్ల కాదమ్మాయ్’’ అంటూనే ‘అ’ రాశారు. అది వంకరలు పోయింది. ట్యాబులో గీత వణక్కుండా నిలకడ చేసే సదుపాయం ఒకటుంది. ఆయనకి చెప్పకుండా దాన్ని పూర్తిగా పెంచేశాను. మళ్లీ రాశారు. ఈసారి ‘అ’ నూనె రాసినట్టు నున్నగా వచ్చింది. సంబరపడతారనుకున్నాను. చాలాసేపు చూశారు.

‘‘ఇది నేను రాసింది కాదే.’’

నాకు తల కొట్టేసినట్టయింది. మారు మాట్లాడకుండా ఆ సదుపాయం తీసేశాను. మూడోసారి వణుకుతూనే రాశారు. ఆ వణుకులో కూడా ఆయన కుంచె తిప్పే ఒడుపు అలాగే ఉంది.

ఇప్పుడు నా కామిక్స్‌లో ముసలమ్మ మాటలన్నీ నాన్న రాస్తారు. పిల్లాడి మాటలు కంప్యూటర్‌లో టైపు చేస్తాను. రోజుకి రెండు మూడు బుడగలు, అంతకు మించి చేయి సాగదు. తప్పు పోతే రెండు వేళ్లు తాటిస్తే చెరిగిపోతుందని చెప్పాను, వినరు. మొత్తం కొట్టేసి మొదటినుంచి రాస్తారు. పని అయ్యాక ఆ పెన్నుని లుంగీకి శుభ్రంగా తుడిచి మరీ నా చేతికిస్తారు.