అనంతగిరి మొరం బాటలో ఒక సైకిల్ లెక్క

హైదరాబాద్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. వీకెండ్ వచ్చిందంటే అనంతగిరికి జనం కార్లూ బైకులూ వేసుకుని బయల్దేరతారు. పద్మనాభస్వామి దర్శనం, వ్యూపాయింట్ దగ్గర సెల్ఫీ, వేడివేడి మిర్చి బజ్జీ. ట్రిప్ అయిపోయినట్టే. మేమిద్దరం మాత్రం మొన్న అక్కడికి టేపు, నోట్‌బుక్కు పట్టుకుని వెళ్లాం. ఒక సైకిల్ డిజైన్ చేద్దామని.

నేను మెకానికల్ చదివి, చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ని. నాతో వచ్చినవాడు కాలేజీలో నా జూనియర్. ఊరు వికారాబాద్. కొత్త ఉద్యోగం, చిన్న జీతం. రోజూ సైకిల్ మీద స్టేషన్‌కు వెళ్లి రైలెక్కుతాడు. ఆదివారం అదే సైకిల్‌తో కొండెక్కుతాడు.

"రెండు సైకిళ్లు కొనేంత సీన్ లేదన్నా నాకు. ఒక్కటే ఉండాలె. స్టేషన్‌కూ పోవాలె, అడవికీ పోవాలె" అన్నాడు. మొత్తం బడ్జెట్ 65 వేలు. ఏడాదిగా దాచుకున్న డబ్బు. తేడా వస్తే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

వాడికి కావాల్సింది హార్డ్‌టెయిల్. అంటే ముందు చక్రానికి సస్పెన్షన్ ఉంటుంది, వెనక ఉండదు. చవక సైకిళ్లలో వెనక కూడా ఒక లావుపాటి స్ప్రింగ్ పెట్టి అమ్ముతుంటారు. చూడ్డానికి మోటార్‌బైక్‌లా ఉంటుంది. కానీ ఆ స్ప్రింగ్‌కు డ్యాంపింగ్ ఉండదు. పెడల్ తొక్కిన ప్రతిసారీ మన బలం కొంత దాన్ని ఊపడానికే పోతుంది. బరువు అదనం. కొన్నాళ్లకు పివట్ దగ్గర లూజు. వెనక సస్పెన్షన్ మంచిది కావాలంటే ఖర్చు చాలా ఎక్కువ. లేకపోతే అసలు లేకపోవడమే నయం.

అసలు మౌంటెన్ బైక్ పుట్టిందే ఇలా తక్కువ ఖర్చులో. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లకు లావు టైర్లు వేసి కొండల మీంచి దింపేవాళ్లు. 1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ పక్కన ఒక మట్టి రోడ్డు మీద పందెం పెట్టుకున్నారు. కిందికి వచ్చేసరికి వెనక బ్రేకులోని గ్రీజు కాలిపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఆ మరుసటి ఏడాదే జో బ్రీజ్ కొండల కోసమే ప్రత్యేకంగా ఫ్రేమ్ తయారు చేశాడు. ముందు కొండ, తర్వాత సైకిల్. మేమూ ఆ వరసే పట్టుకున్నాం.

మూసీ నది పుట్టింది ఈ కొండల్లోనే. వానలు వెనకబట్టాక అడవి ఇంకా పచ్చగా ఉంది. నేల మాత్రం ఎర్ర మొరం. పైన గుండ్రటి గులకలు, కింద గట్టి పొర. నడిస్తేనే కాలు జారుతుంది. మేం తారు రోడ్డు వదిలి, ఊళ్లవాళ్లు పశువుల్ని తోలుకెళ్లే బాట పట్టాం.

ముందు ఎక్కుడు. ఇక్కడ కావాల్సింది గేర్ల సంఖ్య కాదు, అన్నిటికన్నా తేలికైన గేరు. ముందు 30 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటి, వెనక 11 నుంచి 46 పళ్ల వరకు 9 గేర్లు. 29 అంగుళాల చక్రం కాబట్టి తేలికైన గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి మీటరున్నర కదులుతుంది. ఎంత నిటారు ఎక్కుడైనా నెమ్మదిగా లాగేయొచ్చు. పెద్ద గేరులో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 34 కిలోమీటర్ల వేగం. స్టేషన్‌లో రైలు అందుకోవడానికి అది చాలు. సీటు ట్యూబ్ కోణం 75 డిగ్రీలు అనుకున్నాం. అప్పుడు మన బరువు ముందుకు ఉంటుంది, ఎక్కుడులో ముందు చక్రం గాల్లోకి లేవదు.

పైన చదునుగా ఉన్నచోట మొరం గులకలు. వెనక సస్పెన్షన్ లేదు కాబట్టి ఆ పని టైరే చేయాలి. 2.4 అంగుళాల వెడల్పు, ట్యూబ్‌లెస్. వాడి బరువు 65 కిలోలు కాబట్టి గాలి 20 నుంచి 25 పీఎస్ఐ మధ్య. డబ్బు పెట్టాల్సిన మొదటి చోట్లలో టైర్లు ఒకటి.

తర్వాత వేర్లు, రాతి మెట్లు. ఒక్కో మెట్టు ఎత్తూ టేపుతో కొలిచి రాసుకున్నాం. పెడల్ తగలకూడదు, అలాగని ఎత్తు మరీ పెంచితే మలుపుల్లో బండి తూలుతుంది. పెడల్ ఇరుసు నేల నుంచి 310 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే రెండూ కుదురుతాయని తేలింది.

చివరికి దిగుడు. అసలు పరీక్ష ఇక్కడే. ముందు ఫోర్క్ నేలతో చేసే కోణాన్ని హెడ్ యాంగిల్ అంటారు. చవక సైకిళ్లలో ఇది 71 డిగ్రీల దాకా ఉంటుంది. దిగుడులో హ్యాండిల్ మీంచి బోర్లా పడతామేమో అనిపించేది అందుకే. పైగా హార్డ్‌టెయిల్‌లో ముందు ఫోర్క్ ఒక్కటే కుంగుతుంది. అది 20 మిల్లీమీటర్లు కుంగితే కోణం దాదాపు ఒక డిగ్రీ నిటారవుతుంది. అందుకని మేం ముందే వాల్చి, 130 మిల్లీమీటర్ల ఫోర్క్‌తో 65.5 డిగ్రీలు పెట్టుకున్నాం. ముందు చక్రం మనకన్నా బాగా ముందుంటుంది. భయం తగ్గుతుంది.

ఒక చెట్టు కింద కూర్చుని లెక్క చూసుకుంటే నాకు ఆశ్చర్యమేసింది. ట్యూబ్‌ను 71 డిగ్రీల దగ్గర వెల్డ్ చేసినా, 65.5 దగ్గర చేసినా ఖర్చు ఒక్కటే. కోణానికి ధర లేదు! సైకిల్ కొండ మీద ఎలా నడుస్తుందో చాలావరకు తేల్చేది మాత్రం ఆ కోణమే. తక్కువ ధర సైకిల్ అంటే నాసిరకం సైకిల్ అయ్యే తీరాల్సిన పనేం లేదు. ఎవరో ఒకరు ముందు కొండకు వెళ్లి కొలతలు తీసుకుంటే చాలు.

డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా అక్కడే తేలింది. ఫోర్క్, హైడ్రాలిక్ బ్రేకులు, టైర్లు. వీటిలో తగ్గేది లేదు. హ్యాండిల్, సీటు, పెడల్స్ సాదావి చాలు. ఫ్రేమ్‌కు 4130 క్రోమోలీ స్టీలు. అల్యూమినియం కన్నా కొంచెం బరువే, కానీ విరిగితే అతికించుకోవచ్చు. సైకిల్ ఫ్రేమ్‌ల జిగ్ ఉన్న వెల్డర్ దగ్గరే చేయించాలని గట్టిగా అనుకున్నాం. దిగుడులో వెల్డ్ వదిలేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

సాఫ్ట్‌వేర్‌లో మేం ఒకటి నేర్చుకుంటాం. లోపలి భాగాలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అవి కలిసే చోటు మాత్రం మొదట్లోనే సరిగ్గా ఉండాలి. ఫ్రేమ్ కూడా అంతే. వెనక చక్రానికి 148 మిల్లీమీటర్ల జాగా, మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్, 44 మిల్లీమీటర్ల హెడ్ ట్యూబ్. ఇవి ఉంటే రేపు ఏ మంచి పార్టు కొన్నా అతుకుతుంది. క్యారియర్‌కు, మడ్‌గార్డ్‌లకు బోల్టు రంధ్రాలు కూడా. వానాకాలం స్టేషన్‌కు వెళ్లేది వాడే కదా, టిఫిన్ బాక్సుతో!

దిగుడులో సీటును బటన్ నొక్కి కిందికి దించే డ్రాపర్ పోస్ట్ లిస్టులోంచి కొట్టేశాం. బడ్జెట్ దాటుతోంది. కానీ దాని కేబుల్ వెళ్లడానికి సీటు ట్యూబ్‌లో ఒక చిన్న రంధ్రం మాత్రం డ్రాయింగ్‌లో ఉంచేశాం. ఇప్పుడు దానికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఇంక్రిమెంట్ వచ్చిన నెల వాడికది పనికొస్తుంది.