ఫిడెస్ సైకిలు బిగించాం



ఆగస్టు 9న మేం వేసిన నాటికలో సైకిలు ఎక్కడిదని చాలామంది అడిగారు. అద్దెకు తెచ్చామనుకున్నారు కొందరు. ఎవరో దాత ఇచ్చాడని కూడా ఒక మాట తిరిగింది. అదేం కాదు, మా రూములో ఉండే నలుగురం కలిసి బిగించుకున్న సైకిలు అది. కొంచెం పొడుగు కథ, ఓపిగ్గా చదవండి.

ముందు సినిమా సంగతి చెప్పాలి. పేరు 'బైసికిల్ థీవ్స్', అంటే సైకిలు దొంగలు. ఇటలీలో విట్టోరియో డి సికా 1948లో తీసిన సినిమా. మా ఇంగ్లీష్ సార్ కాలేజీలో ప్రొజెక్టర్ పెట్టి చూపించారు. యుద్ధం అయిపోయాక రోమ్ నగరంలో పనులు లేవు. ఆంటోనియో అనే మనిషికి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది, కానీ సైకిలు ఉంటేనే ఇస్తామంటారు. సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య మారియా మంచం మీది దుప్పట్లు లాగి, మూట కట్టి, అవి తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. ఆరు దుప్పట్లు. పనిలో చేరిన మొదటి రోజే, నిచ్చెనెక్కి రీటా హేవర్త్ పోస్టరు అంటిస్తుంటే సైకిలు పోతుంది. మిగతా సినిమా అంతా తండ్రీ కొడుకూ దాన్ని వెతకడమే.

దుప్పట్ల సీను దగ్గర మా బ్యాచ్‌లో ఎవరూ మాట్లాడలేదు. విత్తనాల కోసం ఇత్తడి బిందె సావుకారు కొట్టుకు పోవడం, కాపు అమ్మాక తిరిగి రావడం, ఒక్కోసారి రాకపోవడం మన ఇళ్లలో చూడనిది ఎవరు? తాకట్టు కిటికీ అవతల అట్లాంటి మూటలు అటకల దాకా పేర్చి ఉంటాయి ఆ సినిమాలో. ఒకాయన మారియా మూట పట్టుకొని నిచ్చెన మీద పైపైకి ఎక్కుతూనే ఉంటాడు.

ఇంకో ముచ్చట. ఆంటోనియోగా చేసినాయన నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. పేరు లాంబెర్టో మజ్జొరాని. పిల్లాడు కూడా రోమ్ వీధుల్లో దొరికిన పిల్లాడే. హాలీవుడ్ హీరో క్యారీ గ్రాంట్‌ని పెడితే డబ్బులిస్తామన్నా డి సికా ఒప్పుకోలేదట. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే, తాను కూడా ఇట్లాగే తీయాలని సత్యజిత్ రే గట్టిగా అనుకున్నాడు. 'పథేర్ పాంచాలి' అట్లా మొదలైంది.

ఆదివాసీ దినోత్సవానికి ఈ కథే పావుగంట నాటికగా వేద్దామనుకున్నాం. సైకిలు ఎట్లా? వెదురుతో చేద్దామన్నారు కొందరు. వెదురు పని మనకు చేతనైందే, అందంగా కూడా వస్తది. దూరం నుంచి చూసేవాళ్లకు తేడా ఏం తెలుస్తదన్నారు. కానీ వెదురు సైకిలు తొక్కలేం. తొక్కడానికి రాని సైకిలు ఎవడైనా ఎందుకు ఎత్తుకుపోతాడు? అది పోతే ఆ ఇంటికి నష్టమేముంది?

దీని వెనక ఇంకో సంగతి ఉంది. మా నలుగురిలో వాజేడు వాడికి భద్రాచలంలో పేపర్లు వేసే పని కుదిరింది. నెలకు 2,500. ఏజెంటు పెట్టిన షరతు ఒకటే, 15వ తారీఖు లోపల సొంత సైకిలు తెచ్చుకోవాలి. వాడి నాన్నకు కాలు బాగాలేక ఆ వానాకాలం సగం చేను బీడుగానే ఉంది. ఈ సెమిస్టర్ తర్వాత చదువు మానేస్తానని వాడు అప్పటికే మూడుసార్లు అన్నాడు. సినిమా చూసిన రాత్రి వాడు అన్నం సరిగ్గా తినలేదు. అదేం నటన కాదు.

పాత ఇనుప సామాన్ల కొట్టులో ఫ్రేము దొరికింది. ఫోర్కుతో కలిపి ఆరు కిలోలు, కిలో 35 లెక్కన 210 రూపాయలు. పాతకాలపు 22 అంగుళాల నల్ల సైకిలు, కడ్డీ బ్రేకులది. సినిమాలో సైకిలుకు దీనికన్నా దగ్గరి చుట్టం మన ఊళ్లలో దొరకదు. చక్రాలు ఇంకో కొట్టులో, హ్యాండిలు హాస్టల్ వెనక చెత్తలో దొరికాయి. సీటు చర్ల తమ్ముడు వాళ్ల మామయ్య ఇంటి నుంచి తెచ్చాడు.

సినిమాలో దొంగ సైకిలు ఎక్కువసేపు సైకిలుగా ఉండదు. ముక్కలు చేసి బజార్లో అమ్మేస్తారు. అందుకే ఆంటోనియో స్నేహితులు పియాజా విట్టోరియో బజారుకు పోయి ఒకరు టైర్లు, ఒకరు ఫ్రేములు చూస్తారు. బెల్లు, పంపు వెతికే పని పిల్లాడికి ఇస్తారు. మేం దానికి తిరగేసి చేశాం. ముక్కలన్నీ వెతికి ఒక్కటి చేశాం.

బిగించడం నేర్పింది పంక్చర్ షాపు బాబాయి. సినిమా సైకిలు చేస్తున్నాం బాబాయ్ అంటే, "శివదా?" అని చైను పట్టుకొని లాగి చూపించాడు. 1989 నాటి సినిమా, ఆయనకు ఇప్పటికీ సినిమా సైకిలంటే అదే. ఇటలీ కథ చెప్తే సగం విని, "అయితే తాళం వేసుకోవాల్సింది" అన్నాడు. పైసలు తీసుకోలేదు కానీ పని మాత్రం మాతోనే చేయించాడు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువు వెనకే పడుతుంది కాబట్టి అట్లా. ఒక పుల్ల బిగిస్తే ఎదుటి పుల్ల వదులవుతది, రిమ్ము ఊగుతది, మళ్లీ మొదటికి. బెండు తీయడానికే మాకు రెండు సాయంత్రాలు పట్టింది. పెడలు కడ్డీని పట్టుకునే కాటర్ పిన్ను సుత్తితో ఎంత కొట్టినా రాలేదు. కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున రెండే దెబ్బలకు ఊడింది. టైర్లు, ట్యూబులు, చైను మాత్రం కొత్తవి. మొత్తం 1,820 అయింది. మేం తలా మూడు వందలు వేసుకున్నాం, మిగతాది నాటిక చందా.

రంగు మీద పెద్ద గొడవే జరిగింది. సినిమా నలుపు తెలుపు కదా, అసలు రంగు ఏదో సినిమాలో కనపడదు. ఎరుపు కావచ్చు, ముదురు ఆకుపచ్చ కావచ్చు. చివరికి నలుపే వేశాం, చవకగా దొరికే డబ్బా అదే. ఆ సైకిలు కంపెనీ పేరు ఫిడెస్. లాటిన్‌లో నమ్మకం అని అర్థమట. దుమ్ముగూడెం వాడి చేతిరాత బాగుంటది, వాడు తెల్ల రంగుతో 'ఫిడెస్' అని తెలుగులోనే రాశాడు. తాకట్టు నుంచి తెచ్చిన సైకిలుకు సొట్ట పడిందని సినిమాలో పిల్లాడు గొణుగుతాడు. ఆ సొట్ట కోసం మేం కష్టపడలేదు, మా మడ్‌గార్డుకు నాలుగున్నాయి.

ఫ్రేము మోసుకొస్తున్న రోజు దారిలో ఒకాయన ఆపాడు. "ఎక్కడ కొట్టుకొచ్చార్రా?" అన్నాడు. ఏ ఊరని అడగలేదు, ఏం చదువుతున్నారని అడగలేదు. సినిమాలో కూడా బజార్లో ఒక ఫ్రేము మీద అనుమానం వచ్చి పోలీసును పిలిచి నంబరు చూపిస్తారు, నంబరు కలవదు. కొట్టాయన చేత ఫ్రేము నంబరు, బరువు, డబ్బులు ఒక చీటీ మీద రాయించి సంతకం పెట్టించాం కాబట్టి మా జేబులో కాగితం ఉంది. చూపించాం. ఆయన చదివి, తిరిగిచ్చి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తమ్ముళ్లూ, పాత సామాను ఏది కొన్నా చీటీ రాయించుకోండి. మిగతావాళ్లకు లేకపోయినా నడుస్తది, మనకు నడవదు.

నాటిక బాగానే జరిగింది. వెనక వరసలో పిల్లలు "దొంగ, దొంగ" అని అరిచారు. వచ్చిన పెద్దలకు సైకిలు నచ్చింది. ఆ సాయంత్రమే ఒక మాట లేచింది. దాన్ని రీడింగ్ రూములో పెట్టాలట, కింద బోర్డు రాయాలట, వచ్చినవాళ్లకు చూపించాలట. నాటిక చందా కూడా అందులో ఉంది కదా అన్నారు. ఆ లెక్క న్యాయమే. అందుకని 620 రూపాయలు రెండు నెలల్లో తిరిగి ఇస్తామని అందరి ముందూ చెప్పాం, ఇస్తున్నాం కూడా. గోడకు ఆనించి పెడితే అది ఆంటోనియో సైకిలు కాదని గట్టిగానే వాదించాం. తాకట్టు కొట్టులో ఉన్నంతకాలం అది కూడా అట్లాగే నిలబడి ఉంది కదా. ఇద్దరు సీనియర్లు ఇప్పటికీ మాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

14న వాజేడు వాడు సైకిలు తీసుకెళ్లి ఏజెంటుకు చూపించాడు. ఆయన బ్రేకు నొక్కి చూసి, క్యారేజీ చాలదు, పెద్దది వేయించుకో అన్నాడు. వేయించాం, అది ఇంకో 180. ఇప్పుడు పొద్దున నాలుగున్నరకు లేచి 85 ఇళ్లకు పేపర్లు వేస్తున్నాడు. వానకు పేపర్ల మీద ప్లాస్టిక్ కవరు కప్పుతున్నాడు కానీ సైకిలు మీద పేరు మాత్రం కరిగిపోతోంది. 'ఫి' పోయింది, 'డెస్' మిగిలింది. మేడల ఇళ్ల ముందు తాళం వేసి పైకి ఎక్కి దిగడానికి టైము సరిపోవడం లేదట. అందుకని ఆదివారం పేపర్లు బరువుగా ఉండే రోజు మాలో ఒకరం వెంట పోతున్నాం. వాడు మెట్లెక్కి వచ్చేదాకా సైకిలు పట్టుకొని కిందే నిలబడుతున్నాం.